అమ్మ గొంతు దగ్గరికి దిగిన తీగలు

నేను ఒక గిటారును. నన్నెవరు వదులు చేస్తున్నారన్న తగువు ఆ ఇంట్లో అప్పటికి నాలుగో రోజుకొచ్చింది.

"పొద్దున్నే శ్రుతి చేసి పెట్టి ఆఫీసుకెళ్తాను. సాయంత్రానికి ఆరు తీగలూ బట్టలారేసే తాళ్లలా ఉంటాయి. ఎవరి పనిది?" అన్నాడు దైవసహాయం.

"నా వంక చూస్తావేంట్రా? దుమ్ము తుడిచానంతే. దాని చెవులు నేను మెలిపెట్టలేదు," అంది మంచం మీంచి వాళ్లమ్మ దీనమ్మ. "మెలిపెడితే నీ చెవులే మెలిపెట్టాల్సింది, చిన్నప్పుడు."

ఆయన భార్య సలోమి వంటింటి గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. కూతురు కెజియా కాలేజీ పుస్తకంలో తల దూర్చేసింది. ఆ పేజీ తిప్పి చాలాసేపయిందని నాకొక్కదానికే తెలుసు.

నన్ను కలకత్తాలో ఒక ఇరుకు సందులో ముసలాయన చేశాడు. చెక్కను వేలితో తట్టి, చెవి ఆనించి విని, నచ్చకపోతే పక్కన పడేసేవాడు. మొదట కొన్న రైల్వే గార్డుగారు నన్ను గోడకు తగిలించి, వచ్చినవాళ్లందరికీ చూపించి, ఒక్కసారి కూడా మీటకుండా రిటైరయ్యారు. ఆయన దగ్గర్నుంచి కాకినాడలో చర్చి క్వయర్ నడిపే దైవసహాయం చేతికొచ్చాను. పాతికేళ్ల ఆదివారాలు చూశాను. మనుషులు కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడతారు, మధ్యలో ఒక కన్ను తెరిచి పక్కావిడ చీర చూస్తారు.

అన్నేళ్లూ ఆయన నా తీగలు బిగించింది సలోమి గొంతు కోసమే. ఆమె పాట చర్చి పైకప్పును తాకి వచ్చేది. ఆ గొంతును అందుకోవడానికి నేను తెగిపోతానేమోనన్నంత బిగుసుకునేదాన్ని. రెండేళ్ల కిందట ఆమె మెడకు ఆపరేషనయింది. మనిషి నిలిచింది. గొంతు మాత్రం కిందికి జారి, గరగరలాడుతూ మిగిలింది. అప్పట్నుంచి ఆమె వెనక బెంచీలో పాటల పుస్తకం తెరిచి పెదాలు కదుపుతుంది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. మనుషులు దాన్ని మర్యాద అనుకుంటారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం సలోమి బట్టలు మడతపెడుతూ, తనకే తెలియకుండా ఏదో కూనిరాగం తీసింది. పక్కగదిలో కెజియా ఊపిరి బిగబట్టింది. నన్ను ఒళ్లోకి తీసుకుని ఒక్కో తీగా వదులు చేసింది. మీటింది. ఇంకా కిందికి. మళ్లీ మీటింది. తల్లి గొంతు ఆగిన చోటికి నేను చేరేవరకూ అలా దించుతూనే ఉంది. అక్కడ నా తీగలు మెడ మీది కమ్మీలకు తగిలి జరజరమన్నాయి. పుట్టి ఇన్నేళ్లయినా నాలో అలాంటి శబ్దం ఉందని నాకు తెలియదు. నా ఒళ్లు ఝల్లుమంది.

ఆ జరజర మీదే పాట కట్టింది పిల్ల. డ్రమ్స్ వాయించే స్నేహితురాలు, బేస్ వాయించే స్నేహితుడు తోడయ్యారు. తండ్రి ఆఫీసుకెళ్లగానే నన్ను వాళ్ల దగ్గరికి తీసుకెళ్లేది. రెండో చరణం తర్వాత నాలుగు వరసలు మాటల్లేకుండా వదిలేసింది. అక్కడ కీబోర్డు పెడదామన్నారు వాళ్లు. "వద్దు, ఖాళీగానే ఉండనీండి," అంది. ఎందుకో చెప్పలేదు.

"నేనే నాన్నా," అంది ఇప్పుడు, పుస్తకం మూసి.

"నువ్వా? వదులు చేస్తే గరగరమంటుందే!"

"ఆ గరగరే కావాలి. శనివారం టౌన్‌హాల్లో పాడుతున్నాం. ఆల్టర్నేటివ్ రాక్."

నన్నందుకుని తీగలు దించి మొదలుపెట్టింది.

"రేకుల మీద వడగళ్లు పడ్డట్టుందే తల్లీ," అంది దీనమ్మ.

*నీ గొంతు ఆగిన మెట్టు మీదికి*
*నేనే దిగి వస్తా.*
*పైకి రమ్మనను.*

నా తీగల మీద అంత కోపం, అంత ప్రేమ ఒకేసారి పడటం నేనెరగను. ఖాళీ వరసలు వచ్చాయి. కెజియా నోరు మూసుకుని వాయిస్తూ పోయింది. రొయ్యలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

పాట అయ్యాక దైవసహాయం తల దించుకుని అడిగాడు. "ఈ శ్రుతి ఎక్కడిదే?"

"అమ్మది."

ఆయన నా వైపు చూశాడు. నాలుగు రోజులుగా తను రోజూ పొద్దున బిగించి చెరిపేస్తూ వచ్చింది ఏమిటో అప్పుడర్థమైంది పాపం. అయినా తండ్రి కదా, కోపమే ముందొచ్చింది. "ఇంట్లో సంగతి ఊరందరి ముందూ పెడతావా? ఎవరైనా నవ్వితే మీ అమ్మ తట్టుకుంటుందా?"

కెజియా కళ్లు నిండాయి. "అయితే పాడను నాన్నా. అమ్మ వద్దంటే మానేస్తాను."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. సలోమి లేచి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. ఒక్కొక్కరి ముఖమే చూసింది. గొంతు దాచుకోవడానికి మాటకు ముందు ఎప్పుడూ దగ్గే దగ్గు ఈసారి దగ్గలేదు.

"శనివారం నేనూ వస్తున్నాను," అంది నెమ్మదిగా, ఆ గరగర గొంతుతోనే. "ఆ నాలుగు వరసలూ నేను పాడతాను."