పక్కన పడేసిన కొమ్ములు

మోకాలి లోతు బురదలో నిలబడి, చెయ్యి మోచేతి దాకా నీళ్ళలోకి దించి వేరు కోసం తడుముతున్నాడతను. పొడుగాటి ఆకులు చెంపలకు గుచ్చుకుంటున్నాయి. వేళ్ళకు కణుపుల కొమ్ము తగలగానే మెల్లిగా కదిపి, పైకి లాగి, జాడించి, భుజాన వేలాడే గోనెసంచిలో వేశాడు. వేసినవాడు మళ్ళీ తీసి చూసుకున్నాడు.

"ఇది వసేనంటావా?" అని తనను తానే అడిగాడు. ఏం తోచక మళ్ళీ సంచిలోనే పడేశాడు.

చిక్కంతా ఎక్కడంటే, ఆ మడుగులో వసతోపాటు దొంగ వస కూడా పెరుగుతుంది. అదే ఆకు, అదే ఎత్తు, చూడ్డానికి అదే వేరు. ఎండలు ముదిరేవేళ దొంగది పసుపుపచ్చటి పెద్ద పువ్వు పూసి తనంతట తానే దొరికిపోతుంది. మిగతా ఏడాదంతా వేరు విరిచి వాసన చూడాల్సిందే. అసలు వస గుప్పున ఘాటు కొడుతుందట. 'అట' అనక తప్పదు, ఎందుకంటే అతని ముక్కు పుట్టినప్పటినుంచీ పనిచెయ్యదు. మల్లెపువ్వూ మురిక్కాలవా అతనికి ఒకటే.

ఈ సంగతి తెలిసింది ఒక్క భార్యకే. పెళ్ళైన కొత్తలో పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే అతను ఆ పక్కనే కూర్చుని తాపీగా గడ్డం గీసుకుంటున్నాడు. ఆవిడ అప్పుడే పట్టేసింది. కడుపు పట్టుకుని నవ్వి, "ఎవరికీ చెప్పకు. నువ్వు తవ్వు, వాసన నేను చూస్తా" అంది.

అప్పటినుంచీ అదే వరస. అతను తవ్వి తెచ్చేవాడు. ఆవిడ పెరటి గడప మీద కూర్చుని, వసపిట్టలా ఏదో ఒకటి వాగుతూనే, ఒక్కో కొమ్మూ విరిచి ముక్కు దగ్గర పెట్టుకునేది. మంచివి బుట్టలోకి. ఒకటో రెండో మాత్రం "ఇది దొంగది" అంటూ గోడ అవతలికి. మందుల కొట్టాయన బుట్టలోవాటిని ఎండబెట్టి పొడి కొట్టి, గొంతు బొంగురుపోయినవాళ్ళకీ కడుపుబ్బరంతో వచ్చినవాళ్ళకీ ఇస్తాడు. "ఇన్నేళ్ళలో ఒక్క తప్పుడు వేరు తేలేదు, నీ ముక్కుకి దండం పెట్టాలయ్యా" అంటుంటాడు. దాంతో వీధంతా అతనికి ముక్కాయన అని పేరు పెట్టేసింది. ఎవరలా పిలిచినా ఆవిడ నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తేది. "నేను లేనిరోజున నీ బండారం బయటపడుతుంది చూడు" అని తర్వాత ఏడిపించేది.

ఆవిడిప్పుడు మంచం దిగడం లేదు. డాక్టరు కూడా ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నాడు. అతనికి ఆవిడ కోసం ఉన్న దిగులు ఒకటి, ఆవిడ పోతే ఈ పని ఎలాగన్న దిగులు ఇంకొకటి. రెండోది గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేసేది.

ఇంటికొచ్చి, సంచి దించి మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ చేతుల్లో విరిచే బలం లేదు కనక తనే విరిచి ముక్కు దగ్గర పెట్టాడు.

"మంచిదే" అంది కళ్ళు తెరవకుండా.

ఇంకోటి పెట్టాడు. మంచిదే. సంచి ఖాళీ అయ్యేదాకా అదే మాట.

"ఒక్క దొంగది కూడా లేదా?"

"నువ్వు తెచ్చింది ఎప్పుడు చెడ్డదయింది గనక?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

అతను కొమ్ముల్ని బుట్టలోకి ఎత్తాడు. జ్వరంలో అన్న మాటా? లేక ఆవిడ ముక్కూ పోయిందా? ఈ బుట్ట కొట్లో ఇవ్వొచ్చా, కూడదా? సాయంగా వచ్చిన మరదల్ని పెరట్లోకి పిలిచి, "జలుబు చేసిందమ్మాయ్, కాస్త వీటి వాసన చూసిపెట్టు" అని అబద్ధమాడాడు.

ఆమె అన్నీ చూసింది. "అన్నీ ఘాటుగానే ఉన్నాయి బావా. అయినా గోడవతల అంత వస పెంచుకుని, ఆ బురదలోకి దిగడమెందుకు?"

"గోడవతలా?"

వెళ్ళి చూశాడు. స్నానాల నీళ్ళు పారేచోట నడుమెత్తు గుబురు. ఆవిడ గిరాటేసిన ముక్కలే మొలిచాయని తెలుసు, దొంగ వసేననుకుని రోజూ చూస్తున్నదే. ఒక దుబ్బు పీకి విరిచి మరదలి ముందు పెట్టాడు.

"వసే."

ఇంకో మూల నుంచి ఇంకోటి పీకాడు. "ఇదీ అంతే. ఏంటి బావా, అలా అయిపోయావ్?"

ఆ గుబురు ఏ వేసవిలోనూ పువ్వు పూయలేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ముక్కు లేదు సరే, కళ్ళేమయ్యాయి? అంటే ఆవిడ పారేసినవన్నీ మంచివే. ఎప్పుడో ముక్కు పోయి, చెప్పలేక, చేతికి దొరికినదాన్ని విసిరేసిందా? లేక అతని చెయ్యి ఎప్పుడో ఆరితేరిపోయిందని తెలిసి కూడా, ఆ గడప మీద తన చోటు పోకూడదని రోజుకో కొమ్ము పారేస్తూ కూర్చుందా? ముందు కోపమొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఏది నిజమైతే బాగుంటుందో కూడా తెలియలేదు. అడిగేస్తే సరిపోతుందనుకుని, బురద కొమ్ముతోనే లోపలికి నడిచాడు.

"ఏమే, ఇటు చూడు. దీన్నెందుకు పారేశావు?"

ఆవిడ ఇటు తిరిగే పడుకుని ఉంది. పెదవులు కాస్త తెరుచుకుని ఉన్నాయి. అతను కొమ్ము విరిచి ఆవిడ ముక్కు దగ్గర పెట్టి, మంచిదే అంటుందా, దొంగది అంటుందా అని చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి మరదలు వచ్చి, అక్క ముఖం చూసి, అతని చేతిని మెల్లిగా పక్కకు తీసింది.

సాయంత్రానికి ఇల్లు జనంతో నిండింది. "గదంతా వస వాసనే" అంది పక్కింటావిడ కళ్ళొత్తుకుంటూ. ముక్కాయన అవునన్నట్టు తలూపాడు. భార్యను బయటికి మోసుకెళ్ళాక, తలగడ మీద తల ఆనిన గుంటలో విరిగిన కొమ్ము అలాగే ఉంది, ఒక పక్క ఇంకా తడి ఆరకుండా.