గేటు లోపలి గడియ

పిల్లి పాలు తాగుతున్నట్టు చప్పుడు.

సముద్రం అదే. అలలు లేవు. ఒడ్డును నాకుతోంది, ఆగుతోంది, మళ్ళీ నాకుతోంది.

ఇంత నెమ్మదైన సముద్రాన్ని నేను నమ్మను.

ఎవర్నీ నమ్మలేదు నేను. గోదాము గేటు దగ్గర కాపలా పని చేశాను. నమ్మకపోవడానికే జీతం.

రెండు కొండలు చేతులు చాచి నీళ్ళను ఒళ్ళో పెట్టుకున్నాయి. మనవరాలు ఆ ఒళ్ళో కూర్చుని ప్లాస్టిక్ గిన్నెతో సముద్రాన్ని బయటికి తోడేస్తోంది.

"భయం లేదు నాన్నా," అంది మా అమ్మాయి. "చంటిపిల్లల్ని కూడా వదిలేస్తారిక్కడ. ఊరు చూస్తే గుప్పెడంత. ఎక్కడికైనా నడిచే వెళ్ళొచ్చు."

"ఈ ఊరి సంగతి నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు? అమ్మే!"

అమ్మ... అంటే మా ఆవిడ. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదని ఇన్నేళ్ళూ నన్ను సాధించిన మనిషి.

టోపీ కొనాలంది ఆవిడే. ఇద్దరం బయల్దేరాం.

ఆమె ముందు. నేను వెనక.

సున్నం గోడలు. కిటికీల్లో ఆరేసిన తువ్వాళ్ళు. ఐస్‌క్రీం బండి నీడలో కునుకుతున్న కుక్క.

ఆమె ఎవర్నీ దారి అడగలేదు.

కొత్తవాళ్ళు తలెత్తి నడుస్తారు. బోర్డులు చూస్తారు, మేడలు చూస్తారు. తెలిసినవాళ్ళు దేన్నీ చూడరు.

ఆమె దేన్నీ చూడలేదు.

సందు మలుపులో ఒక మెట్టు విరిగి ఉంది. నేను తూలాను. ఆమె కాలు దాన్ని దాటి అవతల పడింది — కిందికి చూడకుండానే.

టోపీల కొట్టు ముసలాయన ఆమెను చూసి నవ్వాడు.

"ఎప్పుడొచ్చారమ్మా?"

"పొద్దున్నే."

వచ్చిన ప్రతివాళ్ళనీ అలాగే అడుగుతాడేమో. అడుగుతాడు. వ్యాపారం కదా.

"అయ్యగారికీ ఒకటివ్వనా?"

"ఆయన తలకి ఏదెక్కింది కనక!"

ఇద్దరూ నవ్వారు. నేను ఆ నవ్వుల్ని పక్కపక్కన పెట్టి చూశాను.

తిరిగొస్తూ ఆమె సందు మార్చింది.

నీలం చెక్క గేటు. లోపల నిమ్మచెట్టు. తీగ మీద చిన్నపిల్ల గౌను.

ఆమె చెయ్యి గేటు మీదుగా లోపలికి వెళ్ళింది. గడియ బయటికి కనబడదు. ఆ చేతికి కనబడింది.

గడియ కాస్త కదిలిన చప్పుడు...

అంతే. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"పద. ఎండ మాడ్చేస్తోంది."

ఆమె వెనకే నడిచాను.

ఒడ్డున కూర్చున్నాం. కొత్త టోపీ కింద ఆమె మొహం సగమే కనబడుతోంది. ఆ సగం నాకు తెలుసు.

పెళ్ళికి ముందు మేనత్త దగ్గర పెరిగానంది. సరే అన్నాను. ఏ ఊరని అడగలేదు. గోదాము దగ్గర ప్రతి లారీనీ తెరిపించి చూసినవాణ్ణి — ఇంట్లో దేన్నీ తెరిపించలేదు.

ఎవరిది ఆ గేటు?

అడిగితే చెబుతుంది. చెబితే, రేపు ఒకే మంచం మీద ఎలా పడుకోవడం?

అడక్కపోతే... ఎలా పడుకోవడం?

"అడుగు," అంది ఇసుకలో గీతలు గీస్తూ. "చూశావుగా. కడుపులో పెట్టుకుని ఉడక్కు."

నోరు తెరిచాను. ఉప్పుగాలి లోపలికి పోయింది.

లేచాను.

"ఎక్కడికయ్యా? ఇదిగో... నిన్నే!"

సందు. మలుపు. నీలం గేటు.

నేనూ చెయ్యి పెట్టాను లోపలికి. పైన తడిమాను. కింద తడిమాను. ఎండిన చెక్క. ఒక మేకు. మళ్ళీ చెక్క.

నా చేతికి ఏమీ తెలీదు.

లోపల చెప్పుల చప్పుడు. ఒక ఆడగొంతు — అచ్చం మా ఆవిడ గొంతే. వయసు మా అమ్మాయి కన్నా కాస్త పెద్దేమో.

"ఎవరు?"

వెనక్కి తిరిగాను. మా ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. రొప్పుతోంది. టోపీ ఎక్కడో పడిపోయింది. కాళ్ళ నిండా తడి ఇసుక.

ఇప్పుడు మొహం మొత్తం కనబడుతోంది.

ఆమె గేటును చూడటం లేదు. నన్ను చూస్తోంది. జవాబు నేనే చెప్పాలన్నట్టు.

"ఎవరండీ?" గొంతు గేటు దగ్గరికి వచ్చేసింది.

ఇంత దూరానికి సముద్రం వినబడకూడదు.

వినబడుతోంది.

నాకుతోంది... ఆగుతోంది...