గవినివారి ఇంటిలెక్క

రోహిణీకార్తె మధ్యాహ్నమున ప్రచండ మార్తాండకిరణములకు నేల పెనమువలె కాగుచుండగా గవిని చెన్నకేశవులు వేరొక యూరి కరణముగారి మిద్దెలో దుమ్ముపట్టిన కాగితపు కట్టలు విప్పుచుండెను. ఉదయమునుండి అతడు కూర్చున్నచోట కూర్చుండలేదు. కిటికీకడకు పోవును, మరలివచ్చును, చూచిన పుటనే మరల చూచును.

ఔరా, కన్నకూతురి పెండ్లి పాతకాగితమున చిక్కుకొన్న తండ్రికి నిలుకడ యెక్కడిది! కుమార్తె రంగనాయకి ఈ యూరి ఓబులపతిని మనసార కోరినది. వరుడు యోగ్యుడే గాని అతని ఇంటిపేరును గవినియే! ఒక్క ఇంటిపేరివారి బిడ్డలు అన్నాచెల్లెండ్రగుదురని పెద్దలు తాంబూలములు నిలిపివేసిరి. వంశములు వేరని రేపటిలోగా తేలనిచో ఓబులపతికి వేరు సంబంధము కుదుర్తురు. తన తండ్రి చెన్నయ్య యౌవనమున ఈ యూరు విడిచెననుటకంటె చెన్నకేశవులు ఎరిగినది లేదు.

ధాతనామ సంవత్సరపు కరువు గడచిన పిమ్మట వ్రాయబడిన తొలి జనాభాలెక్కల గ్రామప్రతి ఎట్టకేలకు చేజిక్కెను. గృహయజమాని గవిని బసవప్ప. అతడు ఓబులపతికి ముత్తాత. ఆ క్రింద చెల్లెలు లింగమ్మ. ఆమె కొడుకు చెన్నయ్య, నాలుగేండ్లవాడు. ప్రక్కన నాటి కరణము వ్రాసిన వాక్యములు: "ఈమె కరువులో చంటిబిడ్డతో వచ్చినది. తనవారెవరో చెప్పలేదు. బసవప్ప తోబుట్టువని వ్రాయించి బిడ్డకు తన ఇంటిపేరే చెప్పినాడు."

వంశములు వేరే! కాని గవినివారమని ఇన్నాళ్లు మీసము దువ్విన తాను ఎవరి మనుమడు? పుట మూసివేసినచో పరువు నిలుచును. బిడ్డ జీవితాంతము ఏడ్చును. అయ్యో, ఎంత సంకటము! రెండుమారులు మూసి మూడవమారు తెరచి ఆ లెక్కను చంకనిడుకొని అతడు వరుని ఇంటికి నడచెను.

అరుగుమీద వరుని నాయనమ్మ సుంకమ్మ కూర్చుండియుండెను. చెన్నకేశవులు నిలుచుండియే ఆ పుటను చదివి వినిపించి తల వంచుకొని, "మేము మీ వంశమోళ్లం కాదు పెద్దమ్మా. కరువులో మీ ఇంట గంజి తాగి బతికినోళ్లం," అనెను.

వృద్ధురాలు కన్నులొత్తుకొని కసరెను.

"ఏందప్పా ఆ మాట! మా మామే ఆయమ్మను తన చెల్లెలని రాయించినాక కాదనేదానికి నువ్వెవరు? మీరు మా ఇంటి ఆడబిడ్డ సంతు. అన్నాచెల్లెళ్లు కాదు, మేనరికం! ఇంక పెద్దమ్మా అంటే ఊరుకోను. అత్తా అను."

తెల్లవారినది మొదలు నిలుకడలేని చెన్నకేశవులు అప్పుడు ఆ యరుగుమీద కూలబడెను.

"అత్తా," అనెను.