తపసి బంకలో ఇసుక

నైజాం జమానా ముచ్చట ఇది. వీపనగండ్ల కురుమయ్య తెలివి గలోడా అంటే, గలోడే. కాదని ఎవడన్నా అంటే నేనే కొట్లాడ్త. కానీ ఆ తెలివి ఎటు పోవాల్నో అటు పోకుండ, ఒకసారి వాగుల దిగబడ్డది. ఆ సంగతే చెప్తున్న.

నల్లమల చెంచులు తపసి చెట్లకు గాట్లు పెట్టి బంక తీస్తరు. కొల్లాపూర్ దళారులు ఇంత ఉప్పు, ఇన్ని జొన్నలు వాళ్ల ఒడిల పోసి ఆ బంకను ఎత్తుకపోయేటోళ్లు. అది బొంబాయి పోతదని, ఆడికెల్లి ఓడెక్కి విలాయతికి పోతదని చెంచులకు తెల్వదు, రైతులకు తెల్వదు. కురుమయ్య అడిగి అడిగి తెలుసుకున్నడు. ఉన్నది రెండెకరాల చెల్క, చదివింది నాలుగు జమాతుల ఉర్దూ. వనపర్తి రోడ్డు టేషన్ల గుమాస్తాను బతిమాలి బొంబాయి కంపెనీ చిరునామా పట్టిండు. కార్డు రాసి, నమూనాకని ఒక డబ్బెడు బంక తోలిండు.

"అరె, మన కురుమడు విలాయతి సేటైతడంట!" అని దళారులు పడి పడి నవ్విన్రు. నెల తిరగకముందే జవాబొచ్చింది. ఇసొంటి బంక ఎంతున్నా పంపుమన్నరు. నవ్వినోళ్ల నోళ్లు మూతబడ్డయి.

ఇంతకూ ఆ డబ్బాల బంక ఎవరిది? రాతిచెలిమ పెంట గౌరమ్మది. పెంటంటే చెంచుల గూడెం. అందరు బెరడుతో సహా బంక గీకి గంపలేస్తే, ఆమె మాత్రం గాటు కింద మోదుగాకు దొప్ప కట్టేది. తెల్లది తెల్లగ, ఎర్రది ఎర్రగ ఏరి వేరే పెట్టేది.

"ఏంది గౌరమ్మా గీ సోకు? బంకకు బొట్టుబోనాలు పెడ్తవా?" అని కురుమయ్య ఎగతాళి చేసేటోడు.

"వాళ్లు దాన్ని నోట్లనే పెట్టుకుంటరేమో, మనకేమెరుక కురుమన్నా?" అనేది ఆమె.

మొదటి బండి ఖేపులు మంచిగనే పోయినయి. కురుమయ్యకు ఆశ ముదిరింది. తొవ్వల వాగు దగ్గర ఎడ్లను విప్పి, బంక మీద నీళ్లు చిలకరించి, వాగిసుకల పొర్లించి, బెరడు పేళ్లు కలిపి మళ్ల సంచులకెత్తిండు. తూకం పెరిగింది. అందరు చేసేదే గద అని మనసుకు సర్దిచెప్పుకున్నడు. రెండోసారి కలిపేటప్పుడు సర్దిచెప్పుకునే పని కూడ పడలేదు.

బొంబాయికెల్లి కార్డు వచ్చింది. బంకల ఇసుక ఉన్నది, ఏంది కథ అని. అప్పుడు రాసిండు మన మహానుభావుడు! 'హుజూర్, నా తప్పేం లేదు. అడవిల జంగ్లీ మనుషులు, వాళ్లే కలుపుతున్నరు' అని. కార్డు డబ్బల ఏసి, ఇంటికొచ్చి కడుపునిండ సంకటి తిన్నడు.

పదిహేను దినాలకు కంపెనీ మున్షీ ఒకాయన తనే వచ్చి టేషన్ల దిగిండు.

"ఆ పెంటకు తీస్కపో. నా కండ్లతోని చూస్త. ఆడ ఇసుక కలుపుతరని తేలితే ఈ అడవి బంకే మాకొద్దు" అన్నడు.

బొంబాయోళ్లే వద్దంటే దళారులూ ముట్టరు; బంక కొనేటోడు లేకుంటే వానకాలం పెంటకు ఉప్పు ఎవరిస్తరు, జొన్నలు ఎవరు పోస్తరు? కురుమయ్యకు ఆ సంగతి తెల్సు. బండి మీద కొంత, కాలినడకన కొంత పోయిన్రు. వాగు దాటేటప్పుడు కురుమయ్య ఇసుక దిక్కు చూడలేదు.

గౌరమ్మ ఇద్దరికీ సొరకాయ బుర్రతోని నీళ్లిచ్చింది. ఆకుల తేనె పెట్టింది. మున్షీకి తెలుగు రాదు. నడుమ మాట చెప్పాల్సింది కురుమయ్యనే. మున్షీ తన మూటల నుంచి ఇసుక బంక గడ్డ తీసి ఉర్దూల అన్నడు: "ఈమెను అడుగు. వీళ్లు జంగ్లీలని, సరుకుల ఇసుక కలిపేది వీళ్లేనని నువ్వు రాసినవు గద, అది నిజమేనా అని అడుగు."

ఆమె పెట్టిన తేనె ఇంకా కురుమయ్య నోట్ల తియ్యగనే ఉన్నది.

"సాహెబు... నువ్వు బంక ఎట్ల తీస్తవో చూపియ్యమంటుండు గౌరమ్మా" అన్నడు.

ఆమె కురుమయ్య మొకం దిక్కు జరసేపు చూసింది. లేచి రెండు గిన్నెల నీళ్లు తెచ్చింది. ఒకదాంట్ల తన దొప్పలోని బంక వేసింది, ఇంకోదాంట్ల మున్షీ గడ్డ వేసింది. బంక నానేదాక ముగ్గురు కూసున్నరు. ఆమె బంక ఉబ్బి తేటగ నిలిచింది. రెండోదాని అడుగుకు ఇసుక దిగింది. గౌరమ్మ ఆ ఇసుక తీసి అరచేతుల రాసి చూసింది.

"ఇది వాగిసుక. మా పెంట దగ్గర వాగెక్కడిది? రాతి సందున ఊరే చెలిమ నీళ్లే తాగుతం. సాహెబుకు చెప్పు కురుమన్నా."

"ఏమంటున్నది?" అన్నడు మున్షీ.

ఏం చెప్పినా చెల్లుతది. కాదనేటోడు ఎవడున్నడు? 'తప్పైంది, ఇంక కలపమంటున్నది' అంటే సరిపాయె. తనే మాఫీ ఇప్పించిన పెద్దమనిషైతడు. ఛీ, ఆ మాట నాలుక కొస దాకా వచ్చింది కూడ! ఆమె ఇంకా అరచెయ్యి చాపే ఉన్నది. అందుల తను కలిపిన ఇసుక మెరుస్తున్నది. కురుమయ్యకు సిగ్గుతోని చెవులు కాలిపోయినయి. భూమి చీలితే దిగిపోదునన్నంత సిగ్గు.

"ఇసుక నేను కలిపిన హుజూర్" అన్నడు ఉర్దూల, తల దించుకొని. "వాగు దగ్గర కలిపిన. కార్డుల రాసింది అబద్ధం. ముందుగాల మీకు నచ్చిన డబ్బా బంక ఈమెదే."

మున్షీ రెండు గిన్నెలు మళ్లొకసారి చూసిండు. ఆఖరికి అన్నడు: "నీ సంచులు నాకొద్దు. ఈమె ఏరి, ఈమె మూతి కుట్టిన సంచులైతేనే తీసుకుంట. ఇగ నువ్వు బండి తోలేటోడివి, అంతే. ఈమెకు చెప్పు."

కురుమయ్య ఆమె దిక్కు తిరిగిండు. "గౌరమ్మా, సాహెబు ఏమంటుండంటే..."

"ఇన్న" అన్నది ఆమె. "ఇరవై ఏండ్ల నుంచి అడవి కాసే సర్కారు జంగ్లాతోళ్లతోని తిట్లు తింటున్న. ఉర్దూ నాకు అర్థమైతది."

కురుమయ్య నెత్తి మీద పిడుగు పడ్డట్టైంది. జంగ్లీ అన్న మాట ఇన్నది. తను మాట మార్చింది కూడ ఇన్నది.

"మరి... అప్పుడే ఎందుకు అనలేదక్కా?" అని అడిగిండు.

"పరాయోని ముంగట నీకు నామోషీ అయితదని. నువ్వే చెప్తవని చూసిన."

ఆమె లోపలికి పోయి ఖాళీ గోనె సంచి, దబ్బనం తెచ్చింది. ఏరిన తెల్ల బంక దోసిళ్లతోని పోసింది.

"సంచి మూతి పట్టుకో" అన్నది.

పట్టుకున్నడు. ఆమె కుట్టినంతసేపు ఆయన తల ఎత్తలేదు.