తొమ్మిదో నంబరు తలుపు

తప్పు నాది. ముందు అది ఒప్పుకుని తర్వాత మాట్లాడతాను.

సాయంత్రం పేపర్లో పేజీలు కట్టేవాణ్ణి నేను. కాంట్రాక్టరు కట్టిస్తున్న గోడ కూలి ముగ్గురు కూలీలు చచ్చిపోయారు. గోడ బీటలిచ్చిందని మొత్తుకున్నా వాళ్ళని తిట్టి పైకెక్కించాడు వాడు. అది చూసి బతికున్నది ఒక్కతే, పోయినవాళ్ళలో ఒకడి తొమ్మిదేళ్ళ కూతురు. మా ఫొటోగ్రాఫరు ఆ పిల్లని ఇంటి ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. నేను పద్ధతి ప్రకారం మొహం మసక చేశాను. మొహం కప్పేసి చేతులు దులిపేసుకోవడం మా పనిలో అలవాటు. పిల్ల వెనకున్న తలుపు మీద తొమ్మిది అంకె ఉంది. బొమ్మ బాగా కనబడాలని వెలుతురు పెంచింది కూడా నేనే, నా మొహం మండ!

మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు మనుషులు ఆ తలుపు బాదారు. తల్లీకూతుళ్ళు దొడ్డిదారిన, కట్టుబట్టలతో పిల్ల పిన్ని ఇంటికి పారిపోయారు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఆ ఇల్లు పట్టుకుని, క్షమించమందామని వెళ్ళాను. పిల్ల మంచం కింద ఉంది. నాలుగు రోజుల్నించీ తిండీ నిద్రా అక్కడేనట. తల్లి నన్ను కూర్చోమనలేదు.

"మొహం దాచారు కదయ్యా, మరి మేమెలా దొరికాం?" అంది.

వచ్చేశాను.

ఫొటోగ్రాఫరు నా వెనకే వచ్చాడని మర్నాడు తెలిసింది. కిటికీలోంచి తీసిన ఫొటో నా బల్ల మీద ఉంది. మంచం కింద పిల్ల, ఒళ్ళో స్కూలు సంచీ. జనం కళ్ళు చెమర్చాలి, మొదటి పేజీలో వెయ్యమన్నాడు ఎడిటరు. నేను వెయ్యనన్నాను. విలేఖర్లు తలొంచుకున్నారు. పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళం మమ్మల్ని లాగొద్దన్నారు కొందరు. టీ వేళ నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

అచ్చు హాలుకెళ్ళి మొదటి ఫొటో ఉన్న పాత పేజీ గోడకంటించాను. ఉపన్యాసం చెప్పలేదు. ఈ పిల్ల ఎక్కడుంటుందో చెప్పండి అన్నాను, అంతే.

ముందు అచ్చు మిషను నడిపే తాత అద్దాలు సర్దుకుని తొమ్మిదో నంబరన్నాడు. ఊడ్చే అక్క పక్కనున్న నీళ్ళ ట్యాంకు గుర్తుపట్టింది. బట్టలు ఏ స్కూలువో కట్టలు మోసేవాడు చెప్పాడు. అందరూ కలిసి రెండు నిమిషాల్లో పిల్లని పట్టేశారు.

కొత్త ఫొటో పక్కన పెట్టాను. కిటికీ అద్దంలో ఎదుటి మందుల షాపు బోర్డు సగం కనబడుతోంది. ఈసారి నిమిషం కూడా పట్టలేదు.

"నా చేత్తో దీన్ని అచ్చెయ్యను," అన్నాడు తాత. మిషను ఆపేశాడు.

ఎడిటరు పరిగెత్తుకొచ్చాడు. బతిమాలాడు, బెదిరించాడు, మనం వెయ్యకపోతే ఇంకోడు వేస్తాడన్నాడు. మా కోరిక ఒక్కటే: పిల్లల ఫొటో ఏదైనా ముందు ఈ గోడ మీద పెట్టాలి, మాలో ఒక్కరు ఆ పిల్లని కనిపెట్టగలిగినా అచ్చవకూడదు. అతను పిలిస్తే పోలీసులొచ్చి తాతని జీపెక్కించారు. నా ఉద్యోగం ఆ పూటే పోయింది. ఆ సాయంత్రం పేపరు రాలేదు.

పిల్ల మంచం కింద నుంచి బయటికొచ్చిందో లేదో నాకు తెలీదు. చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. దారి తెలుసు. వెళ్ళను, నా వెనక ఎవడైనా రావచ్చు.

మర్నాడు ప్రెస్సు గేటు దగ్గరికి మాత్రం వెళ్ళాను. పొద్దుటి షిఫ్టు మొత్తం వచ్చి బయటే కూర్చుంది. గోడ కూలినచోటి కూలీ ఆడవాళ్ళూ వచ్చి పక్కనే కూర్చున్నారు. గేటు తెరిచే ఉంది, ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు.