నలభై ఏడో నంబరు అతుకులు

పొద్దున ఏడు కొట్టేసరికి నలభై ఏడక్క ఓడల యార్డు గేటు దాటేది. తోలు ఏప్రాను కట్టుకుని, జుట్టు గుడ్డలో బిగించి, వేడిపెట్టెలోంచి వెల్డింగు రాడ్లు తీసుకునేది. తడి తగిలిన రాడ్డుతో అతుకు వేస్తే లోపల బుడగలు పడి గుల్లబారుతుంది. "రాడ్డుకి జలుబు చేస్తే ఓడకి క్షయ" అనేది కొత్తవాళ్ళతో. ప్రతి వెల్డరుకీ ఒక నంబరుంటుంది. అతుకు పూర్తయ్యాక పక్కనే ఆ నంబరు అచ్చుని సుత్తితో కొట్టాలి. ఇరవై రెండేళ్ళుగా ఆమె నంబరు నలభై ఏడు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

ఆమె వేసిన అతుకులు చల్లారవు. ఏడేళ్ళయినా, పదేళ్ళయినా, నిద్రపోతున్న పసిపిల్ల నుదురులా గోరువెచ్చగానే ఉంటాయి. పాత ఓడల్లో నావికులు వాటి మీద మేజోళ్ళు ఆరేసుకునేవాళ్ళు. రేవు పిల్లులకి అవే పక్కలు. వానాకాలంలో స్టోరు గుమాస్తా తడిసిన రిజిస్టర్లు చంకన పెట్టుకొచ్చి, "అక్కా, నీ అతుకు దగ్గర్లో ఎక్కడుంది?" అని అడిగేవాడు. సణిగేది పెయింటర్లొక్కళ్ళే, అక్కడ కుంచె ఆడేలోపే రంగు ఆరిపోతుందని.

ఆ ఏడాది నౌకాదళాన్ని ఆధునికం చేస్తామన్నారు. తుప్పుపట్టిన పాతవి తీసేసి నాలుగేళ్ళలో ఎనిమిది కొత్త ఓడలు. అక్క నిజంగానే సంబరపడింది. పాతవాటికి మాసికలు వేసి వేసి ఆమె ప్రాణం విసిగిపోయి ఉంది. పైగా మొదటి ఓడకి ఎంపికైన తొంభై రెండుమంది నావికుల్లో ఆమె కూతురొకతె.

తీరా పని సగంలో ఉండగా అప్పగింత తేదీని మూడు నెలలు ముందుకి లాగారు. మంత్రిగారికి ఆ రోజే తీరికట. మేనేజరు అక్కని పిలిచి, మూడు వారాలు శిక్షణ షెడ్డులో కొత్తవాళ్ళకి పని నేర్పమన్నాడు. "ఈలోగా మీ అచ్చు ఆఫీసులో ఇచ్చెయ్యండమ్మా, పద్ధతి ప్రకారం" అన్నాడు. పద్ధతే కదా అని ఇచ్చేసింది.

మూడో వారం చివర ఒక సాయంత్రం తల్లీకూతుళ్ళు భోజనానికి కూర్చున్నారు.

"శిక్షణ ఎలా సాగుతోందే?"

"ఆరు నెలలది ఆరు వారాలకి కుదించారమ్మా. ఓడలోకి నీళ్ళొస్తే పంపుతో ఎలా తోడాలో నేర్పారు. పంపు ఇంకా రాలేదట, బొమ్మ చూపించారు. బొమ్మ పంపుతో బొమ్మ నీళ్ళు తోడేశాం. అందరం పాసే!"

అక్క చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. కూతురు లేచొచ్చి తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"నీకు ఒంట్లో బాగానే ఉందా? ఇవాళ మమ్మల్ని అడుగు గదిలోకి దింపారు. నీ అతుకులన్నీ చల్లగా ఉన్నాయి. నీకేమన్నా అయిందేమోనని భయమేసింది."

"అడుగు గదిలోనా? అక్కడ నేను ఒక్క అతుకూ వెయ్యలేదే!"

"నంబరు నీదేనమ్మా. నా కళ్ళారా చూశాను."

మర్నాడు పొద్దున్నే అక్క దీపం పట్టుకుని ఆ గదిలోకి దిగింది. ముప్ఫై ఒక్క అతుకులు. ముప్ఫై ఒక్క చోట్లా నలభై ఏడు. చెయ్యి వేస్తే చచ్చిన చేపల్లా తగిలాయి. ఎవరో రోజుకూలీ గుంపుతో తడి రాడ్లతో మమ అనిపించి, పైన ఆమె నంబరు కొట్టారు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. నేరుగా మేనేజరు గదికి వెళ్ళి అడిగింది.

మేనేజరు ఎక్స్‌రే ఫిల్ములన్నీ బల్ల మీద పరిచాడు. "ఆ అతుకులన్నింటికీ తీసినవే. చూడండి, ఎక్కడన్నా మచ్చుందా?"

అక్క వాటిని ఒక్కొక్కటే కిటికీ వెలుగుకి పట్టింది. అన్నింట్లోనూ అదే మూల, అదే వెంట్రుకంత గీత. అది ఎప్పుడో ఆమె వేరే ఓడకి వేసిన అతుకు.

"ముప్ఫై ఒక్కమందికీ ఒకటే మొహమా సార్?"

ఆయన ఫిల్ములన్నీ దగ్గరికి లాక్కున్నాడు. "చల్లగా ఉండటం లోపం కాదమ్మా. లోకంలో అతుకులన్నీ చల్లగానే ఉంటాయి."

"లోకంలో అతుకుల మీద నా నంబరుండదు సార్."

"రేపు ఏదన్నా జరిగితే అడిగేదీ ఆ నంబరునే. మీ అమ్మాయి ఉద్యోగం చూస్తే కొత్తది. గొడవెందుకు చెప్పండి?"

అక్క లేచి, తిన్నగా అడుగు గదిలోకి దిగి, ఆ చల్లటి ఇనుము మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వీటిని కోసి చూపించేదాకా కదిలేది లేదంది. కాపలావాళ్ళొచ్చారు. గదిలోకి దిగే కంతలో భుజాలు ముడిస్తే తప్ప మనిషి పట్టడు. రానని కూర్చున్న మనిషిని అందులోంచి లాగడం ఎవరి తరం? మేస్త్రీ తల దూర్చి బతిమాలాడు.

"ఎల్లుండి మంత్రిగారొస్తున్నారక్కా. బ్యాండు కూడా మాట్లాడేశారు."

"వాళ్ళనీ ఇందులోకే దింపు. మునిగేటప్పుడు వాయిస్తారు."

ఆ మాట ఓడంతా పాకింది. మధ్యాహ్నానికి ఆ ఓడ కెప్టెనే వచ్చాడు. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. టోపీ తీసి చంకలో పెట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ ఆమె ఎదురుగా వచ్చి చతికిలబడ్డాడు.

"అక్కగారూ, ఒకసారి మంచుసముద్రంలో మా ఇంజను చచ్చిపోయింది. పదకొండు రోజులు నలభైమందిమి మీ అతుకుల వెంబడి వరసగా పడుకుని బతికాం. మీరు నన్నెరగరు. మీ చెయ్యి నాకు తెలుసు." ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు. "ఇవి మీవేనా?"

"నంబరు నాది. అతుకు నాది కాదు."

కెప్టెన్ అప్పటికప్పుడే ఒక అతుకు కోయించాడు. పైన పటారం, లోన లొటారం. మెరిసే పూత కింద మాడిన చిట్టెం, కంతలు. అక్క జడలోంచి పిన్ను తీసి ఇటునుంచి దూరిస్తే అటు తేలింది. తోడుకొచ్చిన నావికులంతా ఆ పిన్నునే చూస్తూ ఉండిపోయారు.

కెప్టెన్ సంతకం పెట్టలేదు. మంత్రిగారు మాత్రం వచ్చారు, బ్యాండు వాయించారు, కదలని ఓడకి రిబ్బను కత్తిరించారు. పదిహేను రోజులు తిరక్కుండానే, పనికి ఆలస్యం కలిగించాడని కెప్టెన్‌ని ఊళ్ళో రికార్డుల ఆఫీసుకి బదిలీ చేశారు. మేనేజరుని ఏం చేశారనుకున్నారు? నాణ్యత విభాగానికి అధిపతిని చేశారు!

అతుకులు మళ్ళీ వెయ్యమని అక్కకే ఉత్తర్వొచ్చింది. ముందు తన నంబరు చెరిపితే గానీ రాడ్డు ముట్టనంది. ముప్ఫై ఒక్క చోట్లా తనే మిషను పట్టి ఆ అంకెలు అరగదీసింది. తర్వాత పాత అతుకులు తవ్విపారేసి, నలభై రోజులు ఆ గదిలోనే ఉండి కొత్తవి వేసింది. తక్కిన పనులూ తేలేసరికి మరో మూడు నెలలు పట్టింది. ఈలోగా అసలు పంపులొచ్చాయి. తొంభై రెండుమందీ అసలు నీళ్ళలో, మెడలోతున నిలబడి, చేతులు పొక్కేలా నేర్చుకున్నారు.

ఓడ పరీక్షకి సముద్రంలోకి వెళ్ళిన ఆరో రోజున, ఏ సరుకుల ఓడ మీంచో జారిపడిన కంటెయినరొకటి నీళ్ళలో తేలుతూ వచ్చి సరిగ్గా అడుగు గదినే గుద్దింది. కూతురు రేవు చేరగానే ఫోను చేసింది.

"రేకు మోకాలిలోతు లోపలికి సొట్టబోయిందమ్మా. నీ అతుకులు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. గదంతా ఆవిరే. కానీ ఒక్క చుక్క రాలేదు. పక్కగదిలో పైపు పగిలింది, ఆ నీళ్ళు మేమే తోడేశాం. అందరం వచ్చేశామమ్మా, ఒక్కళ్ళు తగ్గలేదు."

ఆ నెలలోనే యార్డులో సభ పెట్టారు. "మన నాణ్యతే మన బలం" అని బంగారు రంగు అక్షరాలతో అచ్చేసిన ప్రశంసాపత్రాన్ని మేనేజరు స్వయంగా అక్క చేతుల్లో పెట్టాడు. కింద సంతకం కూడా ఆయనదే. చప్పట్లు మోగుతుంటే ఆమె వేదిక దిగి, గేటు దాటి, బస్సెక్కి, రికార్డుల ఆఫీసులో మూడంతస్తులు ఎక్కింది. కిటికీ లేని గదిలో, దుమ్ము దస్త్రాల మధ్య కెప్టెన్ కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

"అతుకు నిలబడిందట కదా అక్కగారూ?"

"నిలబడింది. మీరేంటి సార్, ఇలా కూర్చుండిపోయారు?"

"సంతకం పెట్టనందుకిచ్చిన కుర్చీ ఇది. నాకు బెంగేం లేదు. తొంభై రెండుమందీ ఇంటికొచ్చారు, అది చాలు."

"మీకు చాలేమో. నాకు చాల్లేదు." అక్క ఎదురుగా ఉన్న స్టూలు మీది దస్త్రాలు కింద పెట్టి కూర్చుంది. ప్రశంసాపత్రాన్ని బోర్లా తిప్పి, తెల్లగా ఉన్న వైపు ఆయన ముందుకి తోసింది. "ఇంకా ఏడు ఓడలున్నాయి. అవన్నీ ఆయన చేతికిందే. నాకు ఆఫీసు భాష రాదు, మీకొచ్చు. ఆ ముప్ఫై ఒక్క అతుకులు ఎవరు వేయించారో, నా అచ్చు ఎవరు కొట్టించారో, కింద మన ఇద్దరి పేర్లూ పెట్టి రాయండి."

కెప్టెన్ కలం మూత తీశాడు.

"నంబరు వెయ్యకండి," అంది ఆమె. "నా పేరు చెప్తాను, పూర్తిగా రాయండి."