బోనులో అంతోని పాపసంకీర్తనం

అంతోని కేసు తీర్పులో "కాస్ట్స్ ఇవ్వలేదండీ" అని నేనంటే, అతని వీధిలో ఉండే అమలమ్మగారికి "క్యాస్ట్ లేదండీ" అని వినబడింది. కోర్టులో కులమెందుకు అడిగారని ఆవిడ కుళాయి కింద బిందె వదిలేసి నా మీదికి వచ్చింది. కాస్ట్స్ అంటే కోర్టు ఖర్చులనీ, మిల్లువాళ్లచేత మనకు ఇప్పించలేదనీ, ఎవరివి వాళ్లే పెట్టుకోవాలనీ చెప్పేసరికి చల్లబడింది. ఆ తికమక బిందె నిండేలోపు తీరింది. అసలు తికమక తీరడానికి ఆదివారం దాకా పట్టింది.

నేను ప్లీడరు వెంకటసుబ్బారావుగారి గుమాస్తాని. ఆయన వాదన మోస్తే నేను కాగితాల కట్టలు మోస్తాను. అంతోని కేసు కోసం విజయవాడ నుంచి గుంటూరు లేబర్ కోర్టుకి అయిదేళ్లు బస్సులో తిరిగాం. కోర్టు మమ్మల్ని వాయిదాలతో వాయించింది. ఆ చప్పుడుకి అలవాటుపడి చివరి రెండేళ్లు నేను బస్సులో నిద్రపోయేవాణ్ని.

అంతోనిది గుణదల. ఒక బియ్యం మిల్లులో బాయిలరు చూసేవాడు. డెబ్బై రెండులో మిల్లులో తోలుబెల్టు ఒకటి పోయింది. తీసింది అంతోనే అని, అతని మాట వినకుండానే పనిలోంచి తీసేశారు. పోయింది మిల్లు బెల్టే అయినా, విరిగింది అంతోని నడుము. జీతం పోతే పోయింది, కొండ కింద వీధంతా అతన్ని దొంగ అనడం మొదలుపెట్టింది. భార్య తెరేసమ్మ మా ఆఫీసుకొచ్చి ఫీజు మాట కూడా ఎత్తకముందే, "దొంగ కాదని రాసిస్తారా బాబూ?" అని అడిగింది. రాయాల్సింది కోర్టమ్మా, మనం అడగడమే అన్నారు ప్లీడరుగారు.

పనిలోంచి తీసెయ్యడం తప్పని తేలితే కోర్టు ఉద్యోగం తిరిగి ఇప్పిస్తుంది. ఖాళీగా కూర్చోబెట్టిన కాలానికి జీతం కూడా ఇప్పిస్తుంది. ఈలోగా మరోచోట సంపాదించుకుని ఉంటే మాత్రం అందులో కోత పెడుతుంది. అందుకని ప్లీడరుగారు బస్సులో దారి పొడుగునా అంతోనికి నూరిపోశారు. అడిగినదానికే చెప్పు, ఒక్క ముక్కలో చెప్పు.

అయితే అంతోనికి నిజం చెప్పడం అలవాటైన చోటు ఒక్కటే. గుడిలో ఫాదర్ గారి ముందు పాపసంకీర్తనం. అక్కడ ఏ పాపమో చెప్పాలి, ఎన్నిసార్లో చెప్పాలి, ఏదీ దాచకూడదు. దేవుడి ఎదుట ప్రమాణం చేయించగానే అతనికి బోను కాస్తా గుడి అయిపోయింది. ఈ అయిదేళ్లలో ఎక్కడైనా పనిచేశావా అని మిల్లు ప్లీడరు అడిగాడు. అంతోని కళ్లు మూసుకుని లెక్క ఒప్పజెప్పాడు. ఇటుకబట్టీలో రెండు వేసవులు. కాలవ పూడికతీతలో పదకొండు రోజులు. మేరీమాత ఉత్సవంలో కొవ్వొత్తుల కొట్టు దగ్గర మూడేళ్లు, అందులో రెండేళ్లు కూలి తీసుకున్నాడు, ఒక ఏడు మాత్రం మొక్కు. మా ప్లీడరుగారు కళ్లద్దాలు తీసి తుడవసాగారు. వాటిమీద తుడవడానికి ఏమీ లేదు. మిల్లు ప్లీడరు ఇక చాలన్నాడు. అంతోని ఆగలేదు.

"ఇంకోటుందండి. అరవై తొమ్మిదిలో రెండుసార్లు జేబులో నూకలు తీసుకెళ్లాను, కోళ్లకి. బెల్టు మాత్రం నేను తియ్యలేదండి."

మా కేసుకి నూకలు చెల్లాయనుకున్నాను.

నాలుగు నెలలకి తీర్పు వచ్చింది. అడగని నూకలు ఒప్పుకున్నవాడు అడిగిన బెల్టు దాస్తాడని నమ్మలేను అని జడ్జిగారు రాశారు. ఉద్యోగం తిరిగి ఇవ్వాలి. పాత జీతం సగం ఇవ్వాలి. ఖర్చులు ఎవరివి వారివే.

మేం బస్సు దిగి అంతోని ఇంటికి చేరేలోపే వీధి తనకి తోచిన తీర్పు చెప్పేసింది. సగం జీతమే ఇప్పించారంటే అంతోని సగం దొంగన్నమాట. నూకల సంగతి కూడా ఎలాగో తెలిసిపోయింది. తెరేసమ్మ మూడు రోజులు కుళాయికి రాలేదు. ఈ మాట చెబితే ప్లీడరుగారు నిట్టూర్చారు.

"కోర్టు మీద అప్పీలుంది గానీ, వీధి మీద లేదయ్యా."

ఆదివారం పూజ అయ్యాక, ఫాదర్ గారినడిగి, గుడి బయట అందరి ముందూ తీర్పు కాగితాలు విప్పాను. కోసిన సగం దొంగతనానికి కాదని చెప్పాను. బట్టీలోనూ కాలవలోనూ కొవ్వొత్తుల దగ్గరా అతను సంపాదించుకున్నదానికి కోశారన్నాను. దొంగతనంలో సగాలు లేవు, ఆ నింద మొత్తంగా కొట్టేశారన్నాను.

అమలమ్మగారు ముందుకొచ్చింది. "నూకలకేమీ కొయ్యలేదా?"

"లేదండీ."

"ఎండలో ఇటుకలు మోసినందుకు కోశారా?"

"కోశారండీ."

ఆవిడ అంతోని వంక చూసి, రేపు మిల్లుకి ఎన్నింటికి వెళ్లాలని వాకబు చేసింది. ఆరింటికన్నాడు.

తెరేసమ్మ నా దగ్గరికొచ్చి, బెల్టు తీయలేదని కోర్టు రాసిన వాక్యం ఎక్కడుందో చూపించమంది. ఇంగ్లీషులో ఉందమ్మా అన్నాను. అయినా చూపించాను. ఆ వరస మీద వేలు పెట్టుకుని, తెలుగులో ఇంకోసారి చెప్పమంది.

"వెనకవాళ్లకి వినబడి ఉండదు బాబూ."

అందరికీ వినబడింది. అయినా గొంతు పెంచి మళ్లీ చెప్పాను.